మంగళవారం నాటి మంద

ఠాణా గోడని ఆనుకున్న బందెల దొడ్డి తలుపు తీసేసరికి మధ్యాహ్నం పన్నెండూ నలభై అయింది. పది ఎడ్లకి సరిపోయే ఆ దొడ్డిలో నిన్న పొద్దుటి నుంచి నూట నలభై గొర్రెల్ని కుక్కి పెట్టారు. తలుపు తీయగానే బతికున్నవి ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికి ఉరికాయి. తొమ్మిది మాత్రం కదల్లేదు. వాటిలో ఏడు పిల్లలు, తొక్కిడిలో చచ్చినవి. తాండూరు ఠాణా జవాన్లిద్దరు వాటిని కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి గోడ పక్కన పడేశారు. "రాత్రి కూరకు పనికొస్తయి" అని ఒకడు నవ్వాడు కూడా.

అప్పుడే జీపు దిగిన సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ ఏసుదాసు ఆ నవ్వు విన్నాడు. ఇంకోరోజైతే ఆ జవాను చెంప పగిలేది. ఇవాళ అంత తీరిక లేదు. నాలుగూ ఇరవైకి వికారాబాదు వెళ్ళే పాసింజరు వస్తుంది. గొర్రెల కాపరి బీరయ్యని అందులో ఎక్కించి, సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి 'నేనే చంపిన' అనిపించాలని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజేందర్ అన్నీ సిద్ధం చేసి పెట్టాడు. పోలీసుకి చెప్పిన మాట కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటుకి చెప్పిన మాట ఉరికంబం దాకా చెల్లుతుంది. అంటే బీరయ్య ప్రాణానికి మిగిలింది మూడు గంటలా నలభై నిమిషాలు.

చచ్చిపోయింది హెలెన్ లాంబర్ట్ అనే ఇంగ్లీషు దొరసాని. మొగుడు లాంబర్ట్, ఎనిమిదేళ్ళ కూతురు జూన్, తనూ శీతాకాలం సెలవులకని ఓడలో బొంబాయి దిగారు. అక్కడ స్నేహితుడి పచ్చరంగు వ్యాగన్ తీసుకుని, ఊళ్ళు చూసుకుంటూ హైదరాబాదు వచ్చి, తిరుగుదారిలో వికారాబాదు ముసాఫిర్ బంగళాలో మూడు రాత్రులు ఆగారు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ బయల్దేరారు. నాలుగున్నరకి తాండూరు దాటి రెండు మైళ్ళ దూరంలో, కరణ్‌కోట మీదుగా గుల్బర్గా వెళ్ళే తోవలో ఒక పాడుబడ్డ బండల గని పక్కన టైరు గాలి పోయిందట. దొర టైరు మారుస్తున్నాడు. దొరసాని పిట్టల్ని చూస్తానని గని అంచుకి వెళ్ళింది. దగ్గర్లో ఒక గొర్రెల కాపరి తచ్చాడుతున్నాడు. అయిదున్నరకి చూస్తే ఆమె గని అడుగున తల పగిలి పడి ఉంది. ఆరూ నలభైకి లాంబర్ట్ పిల్లని వెంటబెట్టుకుని ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే బీరయ్య గొంగడి మడతలో దొరసాని దుర్భిణి దొరికింది. రాజేందర్‌కి ఇంకేం కావాలి?

ఏసుదాసుకి మాత్రం ఇంకా కొన్ని కావాల్సి వచ్చాయి. అందుకే పొద్దున వికారాబాదులో ఆగి బంగళా కావలి చెన్నయ్యని కదిపాడు. చెన్నయ్య చెప్పినవి రెండే సంగతులు. ఒకటి, మంగళవారం పగటి పూట రెండింటికి దొర పిల్లను బండిలో ఎక్కించుకుని వెళ్ళి, దీపాలు పెట్టాక ఏడింటికి వచ్చాడు. దొరసానికి జ్వరం, గది దాటలేదు. రెండోది, బుధవారం పొద్దున దొరసాని పెట్టెలన్నీ గదిలో పరిచి దేనికోసమో వెతికింది. "రెండు చేతులు గుండ్రంగ చేసి కండ్లకు ఆనించి చూపెట్టింది సారూ. కండ్లద్దాలు పోయినయేమో అనుకున్న. మంచం కింద గూడ ఊడ్సిన, దొరకలే" అన్నాడు చెన్నయ్య.

లాకప్పులో బీరయ్య గోడకి చేరగిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. అరికాళ్ళు రెండూ ఉబ్బి, నేల మీద ఆనించలేక మడమలు గాల్లోకి ఎత్తి పెట్టుకున్నాడు. ఏసుదాసు ఎదురుగా గొంతుకు కూర్చున్నాడు. గుమ్మంలో రాజేందర్ నిలబడి సిగరెట్టు వెలిగించాడు.

"దొరసానిని దేనితోని కొట్టినవ్?" ఏసుదాసు అడిగాడు.

"కట్టెతోని సారూ."

"కాగితంల రాయి అని రాసున్నది."

"రాయితోనే సారూ."

"ముంగటి కెల్లి కొట్టినవా, ఎన్కకెల్లా?"

"మీరు ఎట్లంటె అట్ల."

"దుర్భిణి నీకాడికి ఎట్ల వచ్చింది?"

బీరయ్య గుమ్మం వైపు చూశాడు. "ఆమె మెడల కెల్లి గుంజుకున్న" అని, అంతలోనే ముందుకి వంగి మెల్లగా అడిగాడు. "సారూ, జీవాలకు నీళ్ళు పెట్టిండ్రా?"

"నీ పెండ్లాం వాగుకు తోల్కపోతున్నది. నువ్వు జీవాల సంగతి కాదు, మెడ సంగతి చూసుకో. ఉరి తీస్తరు, ఎర్కేనా?"

"ఎర్కే సారూ."

"మరెందుకు ఒప్పుకుంటున్నవ్?"

బీరయ్య ఆ ప్రశ్నకి నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఒప్పుకుంటె జీవాలను ఇడ్సిపెడ్తమన్నరు. ఇడ్సిపెట్టిండ్రు. ఆల్లు మాట నిలవెట్టుకున్నరు. నేను సుత నిలవెట్టుకోవాలె గద."

గుమ్మంలో రాజేందర్ పొగ వదిలి నవ్వాడు. "ఇన్నవా ఏసుదాస్ సాబ్? మస్తు నీతిమంతుడు మావోడు."

ఏసుదాసుకి ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా లాఠీకి లొంగని మనిషి గోడ అవతల గొర్రెల అరుపుకి లొంగాడు. లొంగినవాడు లొంగినట్టు ఉండక, తన్నినవాడికిచ్చిన మాటకి కూడా కట్టుబడి కూర్చున్నాడు. ఈ జాతి మనుషులే ఇంత. గొర్రె కాలు విరిగితే భుజాన వేసుకుని పది మైళ్ళు నడుస్తారు. తమ మెడకి ఉచ్చు పడుతుంటే వంగి తల అందిస్తారు.

లాంబర్ట్ ఠాణా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భార్యని నిన్న సాయంత్రమే వికారాబాదు క్రైస్తవ సమాధుల తోటలో పూడ్చిపెట్టి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. పక్కనే బల్ల మీద జూన్, కాళ్ళు వేలాడేసుకుని. ఎవరో ఇచ్చిన బత్తాయిపండు చేతిలో పట్టుకుని ఉంది గాని తినడం లేదు. వాళ్ళ ఎదురుగా పచ్చ వ్యాగన్ నిలబడి ఉంది. ఏసుదాసు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు కుడివైపు టైరు మీద అడ్డంగా వేలెడు కోత ఉంది. అది మాత్రం మనసులో వేసుకుని వచ్చి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"టైరు మార్చడానికి ఎంతసేపు పట్టింది?"

"నలభై నిమిషాలు. ఎడమవైపు వెనక చక్రం. ఇదంతా మీ సర్కిల్‌కి చెప్పాను."

"నాకూ చెప్పండి. ఆ చోటు మీరు అంతకుముందు చూశారా?"

"జీవితంలో అదే మొదటిసారి. చివరిసారి కూడా కావాలని కోరుకుంటున్నాను."

"మంగళవారం బండి వేసుకుని ఎక్కడికి వెళ్ళారు?"

"అనంతగిరి గుట్టలకి. పిల్లకి అడవి చూపించడానికి."

"గుట్టలు బంగళాకి నాలుగు మైళ్ళు. మీరు వెళ్ళింది రెండింటికి, వచ్చింది ఏడింటికి."

"అడవి చాలా బాగుంది ఇన్‌స్పెక్టర్."

ఏసుదాసు పిల్ల వైపు తిరిగాడు. "అడవిలో ఏం చూశావమ్మా?"

జూన్ తండ్రి మొహం చూసింది. తరవాత బత్తాయిపండు చూసుకుంది. అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. "నేను పిలిచాను. అమ్మ వచ్చింది."

"ఎప్పుడు పిలిచావు?"

లాంబర్ట్ లేచి నిలబడ్డాడు. "తల్లి కనిపించకపోతే ఏ పిల్లయినా పిలుస్తుంది. పిలిచింది, ఆమె రాలేదు. రెండు రోజులుగా ఇలాగే తారుమారుగా మాట్లాడుతోంది. దయచేసి వదిలేయండి." పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడగానే జూన్ నోరు మూసుకుంది.

ఏసుదాసు ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. తండ్రి ఎదుట ఆ పిల్లని అలా అడిగి ఉండకూడదని అతనికి తట్టింది, కాని చాలా ఆలస్యంగా. ఆ తప్పు అతను ఎవరి నెత్తినా రుద్దడానికి వీల్లేదు.

వెళ్ళబోతూ రాజేందర్‌తో ఖరాఖండిగా చెప్పాడు. "అయిదు దాకా దొర ఈడ కెల్లి కదలొద్దు."

"ఫికర్ చెయ్యకు, పోయిరా" అన్నాడు రాజేందర్.

ఒంటిగంటా నలభై అయిదుకి ఏసుదాసు గని దగ్గర దిగాడు. ముప్ఫై అడుగుల లోతు, నిలువునా కోసిన బండలు. అంచున మోకాలెత్తు గోడ కూడా లేదు. అతను మాత్రం గనిలోకి తొంగి చూడకుండా పక్కన మొగులప్ప అనే రైతు చేనులోకి నడిచాడు. కంది కోసేసిన నల్లరేగడి. సోమవారం పొద్దున పడిన చెడగొట్టు వానకి మెత్తబడి, తరవాతి ఎండలకి పైన గట్టిపడింది. వాన తరవాత ఆ నేల మీద ఎవరు తిరిగినా అచ్చు పడే తీరుతుంది.

అచ్చులు పడ్డాయి. గని వైపు చివర నలభై గజాల మేర నేలంతా గొర్రె గిట్టలే. పెంటికలు దారి పొడుగునా చెదురుగా లేవు. కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. మధ్య మధ్య గొర్రె పడుకుని లేచినంత మేర నేల అణిగి ఉంది. మూత్రం ఇంకిన చోట మన్ను రంగు మారింది. నడిచి వెళ్ళిన గొర్రెలు ఇలా చెయ్యవు. రాత్రంతా పడుకున్న గొర్రెలే చేస్తాయి. పంట కోసిన చేనులో ఎరువు కోసం కాపరిని పిలిచి రాత్రి పూట మంద పెట్టించుకోవడం ఇక్కడి రైతులకి అలవాటు. చేనుని ముక్కలుగా, రాత్రికో చెక్క చొప్పున జరుపుకుంటూ చేనంతా తిప్పుతారు. ఏసుదాసు తండ్రి బంట్వారంలో జీతగాడు. ఏడేళ్ళ వయసులో ఏసుదాసు ఇలాంటి మందల పక్కనే పడుకుని తెల్లవారు చలికి వణికాడు. ఆ ఎరువు వాసన అతనికి కొత్త కాదు.

మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం వెతికాడు. పావుగంటకి దొరికింది. చక్రం అచ్చు, అందులో అడ్డంగా వేలెడు కోత గుర్తు. ఆ అచ్చుని గొర్రె గిట్టలు తొక్కాయి. దాని లోపల పెంటికలు పడి ఎండాయి. జానెడు పక్కన మళ్ళీ అదే టైరు, అదే కోత. ఈసారి చక్రమే పెంటికల్ని నలిపి నేలకి అదిమింది.

కింద చక్రం, దాని మీద గిట్ట, గిట్ట మీద మళ్ళీ చక్రం. దొర బండి ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చింది. ఆ రెండింటికీ మధ్య ఒక రాత్రి మంద పడుకుంది. ఆ రాత్రి మంగళవారం రాత్రి అయితే, జీవితంలో మొదటిసారి చూశానన్న చోటుకి లాంబర్ట్ మంగళవారమే వచ్చి లోతు కొలుచుకుని పోయినట్టు. అయితే ఆ రాత్రి మంగళవారమేనని ఎవరైనా నోరు తెరిచి చెప్పాలి.

రెండూ నలభైకి ఏసుదాసు అక్కడినుంచి కదిలి, తాండూరు వైపు మైలు దూరంలో, బాటకి లోపలగా ఉన్న మొగులప్ప ఇంటికి వెళ్ళాడు. మొగులప్ప మంచం వాల్చాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, సంగతి మాత్రం చెప్పలేదు.

"గని దిక్కు చెక్కల మంద ఏ రాత్రి పెట్టిచ్చినవే?"

"యాదికి లేదు సారూ."

"మూడొద్దుల సంగతి యాదికి లేదా? కాపరికి బువ్వ ఎవరు పెట్టిండ్రు, నీ ఇంట్లకెల్లే గద?"

మొగులప్ప తల దించుకునే అన్నాడు. "నిన్న సర్కిల్ సాబ్ వచ్చి బుధారం రాత్రి అని చెప్పుమన్నడు. నేనైతే అబద్దం చెప్ప సారూ. నిజం గూడ చెప్ప. పిల్లలున్నోణ్ణి. నన్ను ఇడ్సిపెట్టు."

ఏసుదాసు ఠాణాకి తిరిగొచ్చేసరికి మూడూ పదిహేను. వసారాలో కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుగా పచ్చ వ్యాగన్ లేదు. బల్ల మీద తినని బత్తాయిపండు మిగిలింది.

"దొర ఎక్కడ?"

"పోయిండు" అన్నాడు రాజేందర్, తాపీగా చాయ్ తాగుతూ. "రెండూ నలభై అయిదుకు. గుల్బర్గ తొవ్వన. వాంగ్మూలం మీద సంతకం పెట్టిండు, ఇంకేం పని? పెండ్లాం సచ్చి, పసిపిల్లను ఎంటేసుకున్నోన్ని ఎన్నొద్దులు కూసోబెట్టాలె? ఢిల్లీ కెల్లి ఫోనొస్తె జవాబు నువ్వు చెప్తవా?"

"ఆమెను సంపినోడు ఆడే."

"సబూతు? సాక్ష్యం ఏది?"

ఏసుదాసు మూడు పొరల సంగతి చెప్పాడు. రాజేందర్ తెలివితక్కువవాడు కాదు. చాయ్ కప్పు కింద పెట్టి చివరిదాకా విన్నాడు. అప్పుడు నవ్వాడు.

"బుధారం సాయంత్రం దొర బండి వచ్చింది. బుధారం రాత్రి బీరయ్య మంద పెట్టిండు. గురువారం పొద్దుగాల జాగ చూపెట్టుమని నేనే దొరను బండితోని సహా ఆడికి తీస్కపోయిన. చక్రం, గిట్ట, చక్రం. నీ మూడు పొరలు నా కేసుల సుత సరిగ్గ కూసున్నయి గద?"

"మంద పెట్టింది మంగళారం రాత్రి."

"ఎవరు చెప్పిండ్రు? మొగులప్ప చెప్పిండా?" రాజేందర్ బల్ల మీదికి వంగాడు. "మీ నాయిన పెంట ఎత్తిండు గాబట్టి నీకు పెంట చూస్తె తారీఖు తెలుస్తది. జడ్జి సాబ్ నాయిన ఎత్తలే. ఆయనకు తెల్వది."

బయట జవాన్లు కిసుక్కుమన్నారు. ఏసుదాసు మొహంలో రక్తం పొంగింది. ఈ మాట అతను బడిలో విన్నాడు, ట్రెయినింగులో విన్నాడు, ఇప్పుడు తనతో సమానమైన హోదాలో ఉన్నవాడి నోట వింటున్నాడు.

"ఎత్తిండు" అన్నాడు. "గందుకే నాకు కనవడ్డది. నీకు కనవడలే."

గడియారం మూడూ ఇరవై అయిదు చూపించింది. ఏసుదాసు చకచకా రెండు హుకుములు జారీ చేశాడు. జవాను హన్మయ్యని స్టేషనుకి పరిగెత్తించాడు. గని దాటి మైలు దూరంలో, గుల్బర్గా తోవకి అడ్డంగా రైల్వే గేటు ఉంది. స్టేషను నుంచి ఆ గేటుకి ఫోను చేయించి, పచ్చ బండి ఇంకా దాటకపోతే ఆపమని చెప్పించాలి. రెండో హుకుము విని జవాన్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"వాగు కాడికి జీపు తీస్కపోన్రి. బీరయ్య గొర్లను మల్లగొట్కరాండ్రి. మల్ల దొడ్ల తోలుండ్రి."

రాజేందర్ కూడా లేచి నిలబడ్డాడు. "ఏందయ్యా? నేను ఇడ్సిపెట్టినవాటిని..."

"కేసు నా చేతికి ఇస్తూ హైదరాబాద్ కెల్లి ఇచ్చిన కాగితం చూపెట్టిన గద. జీవాలు కేసు సొత్తు. తోలుండ్రి!"

ఇరవై నిమిషాల్లో అరుపులు వినిపించాయి. చెదిరిన గొర్రెల్ని ఊరంతా వెతికి పోగు చేసేసరికే మధ్యాహ్నం గడిచి, మంద అప్పుడే వాగు ఒడ్డుదాకా పోయింది. ముందున్న నాలుగైదు మూతి తడుపుకున్నాయేమో, మిగిలిన వాటిని నీళ్ళు కనబడుతుండగానే లాఠీలతో వెనక్కి తిప్పారు. బీరయ్య పెళ్ళాం శంకరమ్మ జవాను చెయ్యి పట్టుకుని వేలాడుతూ వచ్చింది. పైట జారినా సర్దుకోలేదు. దొడ్డి ముందు ఏసుదాసుని చూసి అడ్డంగా నిలబడింది.

"నువ్వేనా తోలమన్నది? నీ చేతులు ఇరిగిపోను! నీళ్ళ కాడి నోళ్ళను మల్లగొడ్తవా? మా మనిషిని అడిగిండ్రు, ఇచ్చినం. ఇంకేం కావాలె నీకు? నువ్వు మనిషివేనా?"

ఏసుదాసు దొడ్డి తలుపుకి తనే గొళ్ళెం పెట్టి లాకప్పులోకి వచ్చాడు. బీరయ్య అప్పటికే ఉబ్బిన కాళ్ళ మీద లేచి కటకటాలు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"సారూ, అవి నా జీవాలే సారూ! గొంతు గుర్తువడ్త. ఒప్పుకున్న గద సారూ! మాట తప్పిండ్రు!"

"నేనే తోలిచ్చిన."

"ఎందుకు సారూ? నేనేం తప్పు చేసిన?"

"అబద్దం చెప్పినవ్. రాజేందర్ సాబ్ అబద్దానికి తలుపు తీసిండు. నేను నిజానికి తీస్త. ఈ రాత్రి తియ్య, రేపు తియ్య. నువ్వు రైలెక్కి పోయి ఉరి ఎక్కినంక సుత తియ్య. నీ ఇష్టం. మంగళారం రాత్రి మంద ఎక్కడ పెట్టినవ్?"

బీరయ్య గుండె పగిలేలా ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి నేల మీద కూలబడి ఏడుస్తుంటే ఏసుదాసు గడియారం చూశాడు. మూడూ యాభై. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కటకటాల దగ్గరనుంచి కదల్లేదు. గోడ అవతల ఒక తల్లి గొర్రె ఆగకుండా అరుస్తోంది.

"మొగులప్ప చేన్ల సారూ. గని దిక్కు చెక్కల."

"బుధారం రాత్రి?"

"అవతలి ఊర్లె పెట్టిన. ఈడికి రానేలే."

"మంగళారం ఈడికి ఎప్పుడొచ్చినవ్? ఏం చూసినవ్? ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకుండ చెప్పు."

"పొద్దు వాలంగ వచ్చిన. పచ్చ బండి ఉండె. దొర, గా చిన్న పోరి, ఇద్దరే. నేను జీవాలను ఇవతలనే ఆపిన, బండికి జడుస్తయని. పోరి ఉరికొచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుంటనన్నది సైగతోని. ఎత్తుకోనిచ్చిన. కుషీ అయింది. మెడలున్న దుర్భిణి తీసి నా మెడల ఏసింది. వద్దంటె ఇనలే. దొర అటు తిరిగి ఉండె, చూడలే."

గుమ్మంలో రాజేందర్ సిగరెట్టు పెదవి మీదే ఆగిపోయింది. ఏసుదాసుకి వికారాబాదు బంగళా గదిలో కళ్ళకి చేతులు ఆనించి చూపించిన దొరసాని సంగతి తెలిసొచ్చింది. ఆమె బుధవారం పొద్దున వెతికింది దుర్భిణి కోసమే. మంగళవారం సాయంత్రమే అది కాపరి మెడలో పడింది. బుధవారం ఆమె మెడలో లేని వస్తువుని ఎవడూ గుంజుకోలేడు. కేసు విడిపోయింది. కాని బీరయ్య ఇంకా ఆగలేదు.

"తర్వాత దొర పోరిని గని అంచుకు తీస్కపోయిండు. ఒక బండ ఎన్క కూసోబెట్టిండు. తను దూరం పోయి నిలవడ్డడు. పోరి గట్టిగ పిలిచింది. అమ్మను పిలిచినట్టే. దొర తల అడ్డం తిప్పిండు. ఇంకింత జోర్‌గ పిలవమన్నట్టు సైగ చేసిండు. మల్ల పిలిచింది. నాలుగైదు మాట్ల పిలిపిచ్చిండు. పోరి నవ్వుకుంట పిలిచింది సారూ, ఆటనుకున్న. ఆఖరుకు బాగ పిలిచినవన్నట్టు నెత్తి నిమిరిండు."

బుధవారం జరిగింది ఏసుదాసు కళ్ళకి కట్టింది. బుధవారం లాంబర్ట్ భార్యని చెయ్యి పట్టి లాగలేదు, తరమలేదు. టైరు దగ్గర కూర్చుని, బిడ్డ గొంతుకి ఆమె తనంత తానుగా అంచుకి పరిగెత్తేదాకా ఆగి, వెనక నడిచాడు. నేను పిలిచాను, అమ్మ వచ్చింది. ఆ పసిదానికి తనేం చేసిందో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. ఆ మాట అది పరాయి మనిషి ముందు అన్నది. తండ్రి విన్నాడు.

"తలుపు తియ్యిండ్రి!" ఏసుదాసు అరిచాడు. "దొడ్డి తలుపు తీసి నీళ్ళు పెట్టుండ్రి! బీరయ్య బేడీలు తియ్యిండ్రి! రాజేందర్, దొర బండి ఎంబడి..."

మాట పూర్తి కాకుండానే హన్మయ్య రొప్పుతూ లోపలికి వచ్చాడు. "గేటు జంగప్పతోని మాట్లాడిన సారూ. బండి దాటిపోయింది. గూడ్సు రైలుకు గేటు ఏసుంటె మూడూ పదిహేనుకు వచ్చి ఆగిందట. పది నిమిషాలు నిలవడి పోయిందట. అసోంటి బండి ఎన్నడు చూడలేదని జంగప్ప చుట్టూ తిరిగి అద్దాల కెల్లి మొత్తం చూసిండట."

"దొర ఎట్లున్నడు? పిల్ల ఏడుస్తున్నదా?"

"పిల్ల ఎక్కడిది సారూ? దొర ఒక్కడే ఉన్నడట. ఎన్క సీట్ల పెట్టెలు తప్ప ఏం లేవట."

ఠాణా నుంచి గేటుకి మూడు మైళ్ళు. పది నిమిషాల దూరం. రెండూ నలభై అయిదుకి బయల్దేరిన బండి అరగంట తీసుకుంది. ఆ తోవలో ఆగడానికి ఉన్నది ఒక్కటే చోటు. ఆ చోటుని వదిలి ఏసుదాసు సరిగ్గా రెండూ నలభైకి మొగులప్ప ఇంటికి వెళ్ళాడు.

రాజేందర్ మొహం పాలిపోయింది. ఏమీ అనకుండా పెరట్లోకి పోయి బావి తాడు విప్పి తెచ్చాడు. ఏసుదాసు అప్పటికే జీపు వైపు పరిగెత్తుతున్నాడు.

"సారూ!" లాకప్పులోంచి బీరయ్య కేక వేశాడు. "తాడుతోని కాదు. నడుమల బండలు వదులైనయి, మీద పడ్తయి. దిగనీకె ఒక్కటే తొవ్వ ఉన్నది. మీకు దొరకది. నన్ను తీస్కపోన్రి. నడువనీకె రాదు, ఎత్తుకపోన్రి."

రాజేందర్ తాడు కింద పడేసి లోపలికి వెళ్ళాడు. ఆ అరికాళ్ళ మీద కొట్టించినవాడే బీరయ్యని భుజాన వేసుకుని జీపు దాకా మోసుకొచ్చాడు. అప్పటికి నాలుగూ అయిదు నిమిషాలు అయింది.